రంగులు చదవని షీటు

తొంభై కార్లు, నాలుగు వందల మంది ఉద్యోగులు, ఒక ఎక్సెల్ షీటు. నా ఉద్యోగ జీవితంలో చివరి ఎనిమిదేళ్లు ఈ మూడింటి మధ్యే గడిచాయి. హైటెక్ సిటీ గురించి మాట్లాడేవాళ్లు పై అంతస్తుల గురించే మాట్లాడతారు. నేను పనిచేసింది కింద, సెల్లార్ పార్కింగ్‌లో, ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో. సాయంత్రం ఎవరు ఏ కారెక్కి ఇంటికి పోవాలి, పొద్దున ఏ కారు ఎవరిని తీసుకురావాలి అని తేల్చే చోటు అది.

ఈమధ్య మా పాత ఆఫీసు పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "మేడమ్, కోడింగ్ చదువుకోకుండానే రోస్టర్ మొత్తం ఆటోమేట్ చేశారట కదా, ఎలా?" అని అడుగుతుంటారు. చేశాను. బాగానే చేశాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కాకపోతే మొదటిసారి చేసినప్పుడు ఒక మనిషి చెయ్యి విరిగింది. అది వదిలేసి మిగతాది చెప్తే మీకు సగమే చెప్పినట్టు.

మాది అనంతపురం వైపు. పెళ్లయ్యాక కూకట్‌పల్లి వచ్చాం. మొదట ఆ కంపెనీలోనే రిసెప్షన్‌లో కూర్చున్నాను. యాభై దాటాక కిందికి పంపారు. డెస్కులో నాకంటే ముందు నుంచీ ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ను అన్నా అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. నానక్‌రామ్‌గూడ పక్కన, ఇప్పుడు టవర్లు లేచిన చోట, ఆయన ఊరు ఉండేది. ఇరవై ఏళ్లు లారీ, పదేళ్లు క్యాబ్ నడిపి, మోకాళ్లు అరిగాక కుర్చీలోకి వచ్చాడు. టైపింగ్ ఒక్క వేలితో. కానీ ఏ గల్లీలో ఏ మలుపు దగ్గర నీళ్లు నిలుస్తాయో మ్యాపు తెరవకుండా చెప్పేవాడు.

మా పని ఇలా ఉండేది. పన్నెండింటికి ఆ రోజు కార్లు కావాల్సిన వాళ్ల జాబితా వస్తుంది. దాన్ని మా పెద్ద షీటులోని చిరునామాలతో సరిపోల్చి, ఒక్కో దిక్కుకు పోయేవాళ్లను నలుగురు నలుగురుగా కూర్చి, కారు నంబరు వేసి, నాలుగింటికల్లా డ్రైవర్లకు పంపాలి. నాలుగు గంటల పాటు ఇద్దరం కాపీ కొట్టి పేస్టు చేస్తూనే ఉండేవాళ్లం. ఒక్క వరస జారితే మియాపూర్ అమ్మాయి పేరు తెల్లాపూర్ కారులో తేలేది.

నాలుగో అంతస్తులో డేటా పని చేసే ఒక అమ్మాయి ఒకరోజు తన కారు కోసం మా దగ్గర నిలబడి చూస్తూ, "ఆంటీ, మీరు రోజూ అదే పని అదే వరసలో చేస్తున్నారు. ఒక్కసారి చేసి రికార్డ్ చేసుకోండి, రేపటి నుంచి అదే చేస్తుంది" అంది. మాక్రో రికార్డ్ చేసే బటన్ ఎక్కడుందో చూపించి వెళ్లిపోయింది.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి. అంత ఉత్సాహం. మెట్రోలో పోయేటప్పుడు వచ్చేటప్పుడు ఫోన్లో పాఠాలు చూశాను. అర్థం కానివి పాత డైరీలో పెన్సిల్‌తో రాసుకున్నాను. రికార్డ్ చేసిన దాన్ని తెరిచి చదివితే అందులో నేను చేసిన అనవసరపు క్లిక్కులన్నీ కనిపించాయి. ఒక్కొక్కటే కొట్టేశాను. మూడు నెలలు పట్టింది. ఒకరోజు బటన్ నొక్కితే నాలుగు గంటల పని పది నిమిషాల లోపే అయిపోయింది. తప్పులు వెతికాను. ఒక్కటీ లేదు. ఆ రోజు సెల్లార్‌లోని డీజిల్ వాసన కూడా నాకు బాగానే అనిపించింది.

అయితే అంతకు ముందు ఒక పని చేశాను. అన్న చేతిలో పెరిగిన ఆ పెద్ద షీటు చీరల కొట్టులా ఉండేది. ఒక గడి పసుపు, ఒకటి నీలం, ఒకటి వంకాయ రంగు, ఇంకోటి గులాబీ. ఆ రంగులతో షీటు బరువెక్కి నత్తలా నడుస్తోంది. అన్నీ ఎంచుకుని, ఒక్క బటన్‌తో రంగులన్నీ తుడిచేశాను.

మర్నాడు అన్న వచ్చి తెర చూసి నిలబడిపోయాడు.

"రంగులు ఏడవోయినయ్ చెల్లె?"

"తీసేసినా అన్నా. చూడ్డానికే కదా అవి. షీటు నిదానంగా నడస్తా ఉంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంచిగుంది లే" అన్నాడు.

ఆ 'లే'లో ఏముందో అడిగే తీరిక ఆ రోజు నాకు లేదు.

మా మేనేజరు ముప్పై అయిదేళ్లవాడు, గోదావరి జిల్లా మనిషి. బటన్ నొక్కి చూపిస్తే చప్పట్లు కొట్టాడు. "అద్భుతమండి మేడమ్! పైవాళ్లకి ఒక రిపోర్టు రాసివ్వండి, మీ పేరుతోనే పంపిస్తాను" అన్నాడు. రాశాను. ఎంత సమయం మిగులుతుందో రాశాక, ఇంకాస్త బరువుగా ఉండాలని చివర ఒక వాక్యం చేర్చాను: 'డెస్కులో ఒక మనిషి పని ఆదా అవుతుంది.' డెస్కులో ఉన్నది ఇద్దరమే. ఆ వాక్యం ఎవరి గురించో రాస్తున్నప్పుడు నేను ఆలోచించలేదు.

అయిదు వారాలు అంతా సాఫీగా నడిచింది. రోజూ నాలుగున్నరకు అన్న ఫోన్ పట్టుకుని ర్యాంపు వైపు పోయి ఓ అరగంట తిరిగి వచ్చేవాడు. పని తగ్గింది కదా, ఎవరితోనో ముచ్చట్లనుకున్నాను.

ఆరో వారంలో ఒకరోజు మోకాలు చూపించుకోవాలని ఆయన సెలవు పెట్టాడు. ఆ సాయంత్రం ఏడు దాటాక డెస్కు ఫోన్ మోగింది. తెల్లాపూర్ నుంచి. మా కంపెనీలో వెబ్‌సైట్లు చూపులేని వాళ్లకు పనికొస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగి. ఆయనకూ చూపు లేదు.

"మేడమ్, గాబరా పడకుండ్రి. మా కాలనీ ముందట గోయిల పడ్డ. సెక్యూరిటీవాళ్లు తీసిండ్రు. కుడిచెయ్యి మాత్రం చెప్పిన మాట వింటలేదు."

మణికట్టు విరిగింది. వాళ్ల కాలనీకి రెండు గేట్లు. ముందు గేటు దగ్గర పైపుల కోసం తవ్వేశారు. ఆయన రోజూ దిగేది వెనక గేటు దగ్గర. డ్రైవరు దిగి చేయి పట్టుకుని కాపలా మనిషికి అప్పగించి రావాలి. ఆ రోజు కొత్త డ్రైవరు జాబితాలో ఉన్న చిరునామా ప్రకారం ముందు గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడు. నా జాబితా ప్రకారం అతను చేసింది అక్షరాలా సరైన పనే.

మర్నాడు పొద్దున విచారణ. మేనేజరు, భద్రతా విభాగం నుంచి ఒకావిడ, అన్న, నేను, ఆ రూట్లో మామూలుగా పోయే పాత డ్రైవరు. ముందు డ్రైవరును అడిగారు.

"మరి నువ్వు వెళ్లినప్పుడు వెనక గేటుకే వెళ్లాలని నీకెలా తెలిసేది?"

"అన్న చెప్తుండె సార్. ముందుగాల రంగుల షీటు వట్టుకొని కార్ల కాడికొస్తుండె, ఈ నడుమ ఫోన్ జేస్తుండె. రోజు నాలుగున్నరకు అందరికీ జేసి చెప్తుండె. ఎవల్ని ఏడ దించాలె, ఎవల్ని ముందట కూసోబెట్టాలె అని. నిన్న ఫోన్ రాలే. ఆ కొత్త పిలగానికి ఎవలు చెప్తరు?"

ర్యాంపు మీద ముచ్చట్లు కావవి. నేను తుడిచేసిన రంగుల్ని ఆయన అయిదు వారాలుగా నోటితో తిరిగి నింపుతున్నాడు.

మేనేజరు అన్న వైపు తిరిగాడు. "ఇంత ముఖ్యమైన విషయం ఎక్కడా రాయకపోతే ఎలాగండి? రంగులేసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? మేడమ్‌కి మీరు చెప్పొద్దా?"

అన్న తల వంచుకున్నాడు.

నిజం చెప్తాను. నా ముందు తలుపు తెరిచే ఉంది. నేను నోరు మూసుకుంటే చాలు, తప్పు ఆయన ఖాతాలో పడుతుంది, నా షీటు మచ్చ లేకుండా బయటపడుతుంది. పైగా అందులో కొంత నిజం కూడా ఉంది, ఆయన రాసి పెట్టలేదు. టేబుల్ మీద నీళ్ల గ్లాసు తీసుకుని రెండు గుక్కలు తాగాను. అంతసేపు నేను ఆ తలుపు వైపు చూశాననే అర్థం.

"ఆయన అడిగినాడు సార్," అన్నాను. "రంగులు యాడికి పోయినాయని మొదటి రోజే అడిగినాడు. చూడ్డానికే కదా అని నేనే తీసేసినా. వాటికి అర్థమేమని నేను అడగలేదు. తప్పు నాది."

భద్రతా విభాగం ఆవిడ నోట్సులో ఏదో రాసుకుంది. నాకు మెమో ఇచ్చారు. షీటు ఆపేసి మళ్లీ చేత్తో చేయమన్నారు. ఆ ఏడాది నా గ్రేడు పడిపోయింది. సరే, పడాల్సిందే.

బయటికి వచ్చాక అన్న అన్నాడు, "గంత పెద్దది నెత్తినేసుకుంటివి ఎందుకు చెల్లె? నాదీ తప్పున్నది గదా."

"నీది ఎంతుందో తర్వాత లెక్కేసుకుందాం లేన్నా. ముందు ఆయన ఇంటికి పోదాం పా."

తెల్లాపూర్‌లో ఆయన ఫ్లాటుకు ఇద్దరం పోయాం. చేతికి పట్టీ, మెడకు వేలాడే గుడ్డ. వాళ్లావిడ టీ పెట్టింది. నేను క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వినేసి, అసలు ఏం జరిగిందో వివరంగా చెప్పమన్నాడు. రంగుల సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"అయితే మీ షీటుకు, నాకు ఒకటే బాధ మేడమ్. నా కంప్యూటర్ కూడా నాకు అక్షరాలు చదివి వినిపిస్తది, రంగులు చెప్పదు. ఎర్రగ్గీసిన గడులు నింపండి అని ఎవడన్న పంపితే, నేను రోజూ పంచాయితీ పెట్టుకుంట. ఎర్రగుంటే ఎర్ర అని కాదు, ఎందుకు ఎర్రగుందో మాటల్ల రాయమంట. మీరు గూడ గంతే చేయండి."

మూడు నెలల పాఠాల్లో ఎవరూ చెప్పని మాట అది. తిరిగొచ్చేటప్పుడు ఆఫీసు మలుపు దగ్గర అన్నే అన్నాడు, "రేపు కూసుందామా చెల్లె?"

కూర్చున్నాం. రంగులున్న పాత షీటు నా మెయిల్‌లో దొరికింది. సాయంత్రాలు జాబితా పని ముగించి, ఒక్కో రంగు మీద వేలు పెట్టి అడిగేదాన్ని. ఆయన చెప్పేవాడు. నేను టైపు చేసేదాన్ని.

"పసుపు?"

"గా పిల్లకు వెనక సీట్ల వాంతులైతయ్. ముందట కూసోబెట్టాలె."

"నారింజ? ఇద్దరికుంది."

"ఇద్దరికి పెండ్లి ఖాయమై తప్పిపోయింది. ఒక్క కార్ల వెయ్యొద్దు. ఒగలి మొకం ఒగలు చూడలేక సచ్చిపోతరు."

"నీలం?"

"గల్లీ చిన్నగుంటది, పెద్ద బండి పోదు. చిన్న కారే పంపాలె."

"ఆకుపచ్చ?"

"ఇంట్ల మంచంల ఉన్న అవ్వ. హారన్ కొట్టొద్దు."

తొమ్మిది రంగులు. అన్నీ ఆయన ఒక్కడి కళ్లల్లో ఏళ్ల తరబడి పోగైనవి. కంపెనీకి ఇన్ని విభాగాలున్నాయి, ఇన్ని సర్వేలు పంపుతారు. మంచంలో ఉన్న అవ్వ సంగతి మాత్రం మోకాళ్లు అరిగిన డ్రైవరు ఒక్కడికే తెలుసు. ఒక్కోదాన్ని మాటల్లోకి మార్చి వరసగా కాలమ్‌లు పెట్టాను: ముందు సీటు, చిన్న కారు, వెనక గేటు, చేయి పట్టి అప్పగించాలి. ఇప్పుడు మాక్రో వాటిని చదువుతుంది, డ్రైవరు ఫోన్‌లో పేరు కిందనే అక్షరాల్లో కనిపిస్తుంది.

చివరికి గులాబీ మిగిలింది. ముగ్గురికి ఉంది.

అన్న వేలు వెనక్కి తీసుకున్నాడు. "గది వద్దు."

"వద్దంటే ఎట్లన్నా? ఒక్కటి వదిలితే మళ్లీ గోయి."

"రాస్తే ఎవలైన చదువుతరు చెల్లె. షీటు మన డెస్కులనే ఉంటదా? మేనేజర్ చూస్తడు, ఆఫీసుల ఇంకో పది మంది చూస్తరు. గివి మంది చూసేటివి గావు."

నేను ఊరుకోలేదు. అప్పుడు ఒక్కరి గురించి మాత్రం, అదీ గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె గుర్తులు మార్చి మీకు చెప్తున్నాను. ఒక సాయంత్రం ఆమె కూకట్‌పల్లి కారెక్కనని సెల్లార్‌లోనే నిలబడిపోయింది. ఎందుకని అన్న అడగలేదు. ఏడ దించమంటవ్ బిడ్డా అని మాత్రం అడిగాడు. ఆమె ఒక లేడీస్ హాస్టల్ పేరు చెప్పింది. అప్పటి నుంచి అక్కడే. ఆఫీసు రికార్డులో మాత్రం చిరునామా భర్త ఇల్లే. మార్చాలంటే భయం, కారణం చెప్పాల్సి వస్తుందని.

ఇదంతా విన్నాక నేను రెండు రోజులు ఆలోచించాను. ఏ మాటలో రాసినా అది రాసినట్టే. చివరికి ఆ ముగ్గురి వరసల్లో చిరునామా గడి ఖాళీ చేసి, పక్కన 'అన్నను అడగాలి' అని పెట్టాను. మాక్రో అక్కడికి రాగానే ఆగుతుంది. అన్న తన ఫోన్‌తో తను చూసుకుంటాడు.

షీటు మళ్లీ మొదలైంది. ఈసారి మొదటి రెండు వారాలు నేనూ, అన్నా ప్రతి జాబితా చదివాకే పంపాం. మేనేజరుకు ఒక్కటే మింగుడు పడలేదు.

"అంతా బాగుంది మేడమ్. కానీ ఆ మూడూ ఎందుకండి మాన్యువల్‌గా? నూరు శాతం ఆటోమేటిక్ అని పైకి చెప్పలేకపోతున్నాను."

"కొన్నాళ్లు ఉండనీయండి సార్" అన్నాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మూడింటికి డెస్కులో నేనొక్కదాన్నే ఉన్నాను. అన్న ర్యాంపు దగ్గర పంచరైన కారు చూడటానికి పోయాడు. నీటుగా ఉన్న ఒకాయన వచ్చాడు. మెడలో పక్క టవర్లోని కంపెనీ కార్డు.

"నమస్తే అండి. మా ఆవిడ మీ దగ్గరే చేస్తుంది. ఫోన్ స్విచాఫ్ వస్తోంది. బాబుకి జ్వరం ఎక్కువగా ఉందండి. సాయంత్రం ఏ కారులో వెళ్తుందో, ఎక్కడ దిగుతుందో చెప్తే నేను అక్కడికే వెళ్లి తీసుకెళ్తాను."

ఆమె పేరు చెప్పాడు. అన్న నాకు ఎవరి గురించి చెప్పాడో పేరుతో చెప్పలేదు. నాలుగు వందల పేర్లలో ఆ మూడూ నాకు గుర్తు కూడా లేవు, అనుమానమే రాలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఉద్యోగుల వివరాలు ఎవరికీ ఇవ్వకూడదని నియమం ఉంది. కానీ జ్వరంతో ఉన్న పిల్లవాడి ముందు ఆ నియమం నాకు చిన్నదిగా కనిపించింది. ఆమె పేరు కొట్టాను. వరస వచ్చింది. చిరునామా గడి ఖాళీ.

"నాకు తెలియదండి" అన్నాను.

"లిస్టు మీ దగ్గరే కదండి ఉండేది?"

"లిస్టులో లేదు. కావాలంటే చూడండి." ఆ ఒక్క వరస తప్ప మిగతాది దాచేసి తెర అతని వైపు తిప్పాను.

అతను చదివాడు. కళ్లల్లో నీళ్లు అలాగే ఉన్నాయి, గొంతు మాత్రం మారిపోయింది.

"ఈ అన్న ఎవడు?"

అప్పుడు అర్థమైంది నాకు, ఎవరితో మాట్లాడుతున్నానో. తెర నా వైపు తిప్పేసుకున్నాను. "సెక్యూరిటీని పిలుస్తాను, వాళ్లతో మాట్లాడండి" అని ఫోన్ ఎత్తాను. వాళ్లు వచ్చేలోపే అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అన్న వచ్చాక జరిగింది చెప్పాను.

"బాబెవలు చెల్లె? వాళ్లకు పిల్లలే లేరు."

మరుక్షణమే ఫోన్ తీశాడు. "బిడ్డా, నువ్వు ఇయ్యాల కిందికి రాకు. ఫికర్ జేయకు, నేనే పైకొస్త." ఆ సాయంత్రం ఆమెను సరుకులు దిగే వెనక దారిలోంచి, ఒక మహిళా గార్డును తోడిచ్చి, వేరే కారులో పంపాడు. భద్రతా విభాగం ఆవిడ మర్నాడే పక్క టవర్ వాళ్లతో మాట్లాడింది. ఆమెకు ఒక వకీలును కూడా చూపించింది. అతను మళ్లీ మా సెల్లార్‌లో అడుగు పెట్టలేదు.

ఆ గడిలో హాస్టల్ పేరు రాసి ఉంటే నేను చెప్పేసి ఉండేదాన్ని. మంచితనంతోనే చెప్పేసి ఉండేదాన్ని.

పేరు చెప్పకుండా మేనేజరుకు విషయమంతా వివరించాను. అతను పెన్ను మూత పెట్టేశాడు. "ఆ మూడూ అలాగే ఉంచండి మేడమ్" అన్నాడు. "మూడే కానక్కర్లేదు సార్, రేపు అయిదు కావచ్చు," అన్నాను. "ఇంకోటి. నా పాత రిపోర్టులో ఒక వాక్యం తప్పు. ఒక మనిషి పని ఆదా అవుతుందని రాసినా. ఆదా అయ్యేది టైమే. ఆ టైములో అన్న చేసే పని ఇదీ, అని మళ్లీ రాసిస్తా." రాసిచ్చాను. అన్న ఉద్యోగం నిలిచింది. ఈసారి ఆ రిపోర్టు రాయడానికి నాకు ఒక్క పూటే పట్టింది.

మీరు చేసే షీట్లు నా దానికంటే వెయ్యి రెట్లు తెలివైనవి, నాకు తెలుసు. చేయండి, భయపడకండి. రోజూ నాలుగు గంటలు కాపీ కొట్టడంలో ఏ గొప్పతనమూ లేదు. కాకపోతే ఏదైనా గడి చెరిపే ముందు, దాన్ని నింపిన మనిషి పక్కన ఓ పూట కూర్చోండి.

దాదాపు ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం ఆ హాస్టల్ అమ్మాయే మా డెస్కుకు వచ్చింది. అదివరకు ఎప్పుడూ ఆగేది కాదు, తల వంచుకుని కారెక్కిపోయేది.

"మియాపూర్‌లో ఇల్లు తీసుకున్నానండి. నేనూ, అమ్మా ఉంటాం. కోర్టులో కూడా అయిపోయింది. హెచ్ఆర్‌లో అడ్రస్ మార్పించేశాను. ఇక్కడ కూడా రాసుకోండి."

నేను అన్న వైపు చూశాను. "నన్నేం జూస్తవ్? ఆమెనే అడుగు" అన్నాడు.

కీబోర్డు ఆమె వైపు జరిపాను. ఆమె నిలబడే, ఇంటి నంబరు నుంచి పిన్‌కోడ్ దాకా మెల్లగా కొట్టింది. తర్వాత పక్క గడిలోని రెండు మాటలు తనే చెరిపేసింది. నేను బటన్ నొక్కాను. మియాపూర్ కారులో ఆమె పేరు మూడోదిగా, చిరునామాతో సహా వచ్చింది, ఆ కారులోని మిగతా ముగ్గురి లాగే.